ఆరు పాళ్ళు

సోమవారం ఆటోలో వచ్చాయి పద్దెనిమిది ట్యాబులు,
అట్టపెట్టెల్లో, కొత్త చెప్పుల వాసనతో.
పెదజాలారిపేట బడి, మూడో తరగతి,
హాజరు ముప్పై ఒకటి.
ఇద్దరికొకటి చొప్పున పంచితే ఎన్ని మిగులుతాయో
నేను బోర్డు మీద వేసేలోపే
ఆర్జిల్లి దుర్గ లేచింది:
"రెండు టీచరుగోరూ,
ఒంటిగా కూసున్న పరదేశికి కూడా ఒకటిచ్చీసేక."

శిక్షణలో చెప్పారు, వేలితో ముట్టుకుంటే చాలని.
చెప్పినాయనకి తెలీదు
తెల్లారి నాలుగింటికి అమ్మతో ఐసుపెట్టె పట్టిన వేళ్ళు
పది గంటలకి కూడా కాస్త తడిగానే ఉంటాయని.
తడివేలిని తెర ఎరగదు.
పిల్లలు గట్టిగా నొక్కారు, గోటితో గీరారు,
"పడుకుందేటి ఇది" అని తట్టి లేపారు.
ఆ వారమంతా నా కొంగు
వేళ్ళు తుడిచే గుడ్డ.
రెండో వారానికి ఛార్జరు పిన్నులకి
ఉప్పుగాలి పచ్చటి చిలుము పట్టించింది.

భాగహారం పాఠంలో చేపలొచ్చాయి.
నారింజరంగువి, కనురెప్పలున్నవి.
ఒకటే నవ్వు.
కవ్వలు కావు, కానాగంతలు కావు,
ఈ జాతిది మా రేవులో ఎప్పుడూ దిగలేదన్నారు.
తెర అడిగింది:
పన్నెండు చేపలు, నలుగురు జాలర్లు,
సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎన్ని?

మసేను రెండు అని కొట్టాడు.
ఎర్రటి ఇంటూ. ఏడుపుమొహం బొమ్మ. ఓ దిగులు చప్పుడు.
మళ్ళీ రెండు.
మళ్ళీ ఏడుపుమొహం.
"మూడు కదరా" అని వంగాను నేను.
వాడు నాకేసి చూసిన చూపు
అమాయకుడికి బేరం నేర్పే పెద్దమనిషిది.
"మడుసులు నలుగురు.
పడవకో పాలు, వలకో పాలు.
ఆరు పాళ్ళు టీచరుగోరూ. రెండేసి."

ఇరవై రెండేళ్ళుగా చెప్తున్నాను భాగహారం.
కంచరపాలెంలో లడ్డూలతో చెప్పాను,
గాజువాకలో పెన్సిళ్ళతో.
పడవకి వాటా ఉంటుందని
నా లెక్కలోకీ ఎప్పుడూ రాలేదు.
తెరనొక్కదాన్నే అనడమెందుకు.

ఇంకో మాట కూడా రాయాలి, లేకపోతే అన్యాయం.
గరికిన బంగారమ్మ ఉంది, చివరి వరస,
కిటికీ పక్క.
ఎక్కం అడిగితే గొంతు మింగేసుకునే పిల్ల.
ఆ మధ్యాహ్నం భోజనాల వేళ
వరండాలో ఒక్కతే కూర్చుని
ఒకే లెక్క పదిహేడుసార్లు తప్పు చేసింది.
తర్వాత లెక్కపెట్టుకున్నాను, పదిహేడు.
ఆ యంత్రం ఒక్కసారీ నిట్టూర్చలేదు.
పక్కవాడి వైపు తిరగలేదు.
గడియారం చూడలేదు.
నేనైతే నాలుగోసారికే చూసేదాన్ని.
పద్దెనిమిదోసారి తెరమీద కాగితంపూలు రాలితే
ఆ పిల్ల అటూ ఇటూ చూసి
ట్యాబుని పావడాలో దాచుకుంది,
ఎవరైనా పట్టుకుపోతారన్నట్టు.

సాయంత్రం రిపోర్టు తెరిచాను.
తరగతి సగటు అరవై ఒకటి.
మసేను పేరుకెదురుగా సున్నా.
ఆ గడి మార్చడానికి నాకు వీల్లేదు, తాళం వేసుంది.
పాత హాజరుపట్టీ వెనక పేజీలో
ఎర్రపెన్నుతో రెండు అని రాసి రైటు కొట్టాను.
అది ఎవరికీ అప్‌లోడ్ కాదు.

గురువారం కంపెనీ కుర్రాడు వస్తాడట,
సలహాలుంటే చెప్పమన్నారు.
"పడవని లెక్కలో కలపండి" అని చీటీ రాసి
కొట్టేసి, మళ్ళీ రాసి
పర్సులో పెట్టుకున్నాను.

మర్నాడు కరెంటు లేదు. ట్యాబులన్నీ నల్లపలకలు.
ఆ లెక్కే నోటితో అడిగాను.
కిటికీ పక్క నుంచి ఓ చెయ్యి లేచింది,
చెవి దాకా మాత్రమే.
"పడవ నేకపోతే మూడు" అంది బంగారమ్మ.

ఎవరూ నవ్వలేదు.
మసేను మాత్రం గభాల్న లేచాడు,
"పడవ నేకుండా సేపలెలాగొస్తాయే?"
"ఈదుకెల్లి అట్టుకొస్తారు, నీకేటి?"

గంట కొట్టినా
తగువు తెగలేదు.